12 నిమిషాల్లో ఉప్పునీటి పరిశోధన: 31 స్లైడ్లలో ఏది ఉంచాలి?

దాళ్వాచేను:
కోనసీమ తీర మండలాల్లో శివారు పొలాల మట్టికీ, బోరు నీళ్లకీ ఉప్పు ఎలా ఎక్కుతోందన్నది నా పరిశోధన. వచ్చే నెల అమలాపురంలో చెప్పాలి. వినేవాళ్లలో సగం ప్రొఫెసర్లు, సగం రైతులు. పరిచయం, పూర్వ పరిశోధనలు, పద్ధతి, ఆరు పట్టికలు కలిపి 31 స్లైడ్లయ్యాయి. ఎక్కడ మొదలెట్టాలండి?

శివారుబోదె:
తీసేసే ముందు వరస మార్చండి. ఇప్పుడున్నది థీసిస్ వరస. మొదటి స్లైడులో చౌడు తేలి తెల్లబడ్డ ఒక్క చేను ఫొటో, దాని మీద ఒకే ప్రశ్న: ‘కాలువ నీరు పారే చేలోకి ఉప్పు ఎక్కణ్ణించి వచ్చింది?’ జవాబు తొమ్మిదో నిమిషం దాకా చెప్పకండి. ఈలోగా అనుమానం ఉన్నవాటిని ఒక్కొక్కటే ముందుకు తేండి: పోటు వేళ మురుగు కాలువలోకి ఎగదన్నే సముద్రపు నీరు, పక్క రొయ్యల చెరువు ఊట, అతిగా తోడిన బోరు. ఒక్కోదానికి ఒక్క కొలత చూపించి, ఉంచాలో కొట్టేయాలో అక్కడే తేల్చండి. పద్ధతికి వేరే స్లైడు అక్కర్లేదు, కొలత చూపినప్పుడే ఎలా తీశారో ఒక వాక్యం చాలు. పూర్వ పరిశోధనలు ఆఖరి స్లైడు తర్వాత ఉంచుకుని, ఎవరైనా అడిగితే తీయండి.

2011 సార్వాలో కోనసీమ రైతులు ప్రకటించిన పంట విరామంతో మొదలెట్టాలనిపిస్తుంది. వద్దండి. గిట్టుబాటు ధర, కూలి ఖర్చుల గొడవ అందులో పెద్దది. దాన్ని ఉప్పుకి ముడిపెడితే రైతులే లేచి అడుగుతారు.

గీతలూచుక్కలూ:
‘ఫలితాలు’ అనే శీర్షిక ఏమీ చెప్పదు. తేలిన విషయాన్నే వాక్యంగా రాయండి, ‘మురుగు కాలువకి దగ్గరయ్యేకొద్దీ ఉప్పు పెరుగుతోంది’ అన్నట్టు, మీ కొలతలు అదే చెబితే. ఆరు పట్టికల బదులు ఒక్క గ్రాఫ్: అడ్డంగా కాలువ నుంచి దూరం, నిలువుగా మట్టి ఈసీ, అంటే ఉప్పు ఎంతుందో తెలిపే విద్యుత్ వాహకత. ఈసీ మీటరుకు 3 డెసీసీమెన్ల (ఈసీని కొలిచే ప్రమాణం) దగ్గర ఒక గీత గీయండి, సుమారుగా అది దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. జాగ్రత్త, ఆ హద్దు తడిపిన మట్టి నుంచి తీసిన ద్రావణానిది. బోరు నీటి కొలతల మీద అదే గీత గీస్తే ప్రొఫెసర్లు అక్కడే పట్టుకుంటారు.

చుక్కలన్నీ బూడిద రంగులో ఉంచి, ఫొటోలోని చేను ఒక్కటే ముదురు నారింజలో పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ జంటగా వాడొద్దు, కొందరికి రెండూ ఒకలాగే కనబడతాయి. గ్రాఫంతా ఒక్కసారే చూపిస్తే మీ మాట వినడం మానేసి దాన్ని చదువుకుంటారు. ముందు ఖాళీ అక్షాలు చూపి, ఏది దేన్ని కొలుస్తుందో చెప్పి, అప్పుడు చుక్కలు, ఆఖర్న గీత.

వత్తులు:
తెలుగు అను ఫాంట్లలో కొట్టారా? ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అంతా పిచ్చి గుర్తులుగా వస్తుంది. యూనికోడ్‌లో మండలి లాంటి ఫాంటు వాడి, సేవ్ చేసేటప్పుడు ఫైల్లోనే పొదగండి. అక్షరం 28 పాయింట్లకి తగ్గొద్దు. వరుసల మధ్య ఖాళీని ఇరుకుగా బిగిస్తే పై వరుస వత్తులు కింది వరుస అక్షరాల్ని తాకుతాయి. పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ కూడా ఉంచుకోండి. అందులో యానిమేషన్ రాదు కాబట్టి గ్రాఫ్ మూడు దశల్నీ మూడు స్లైడ్లుగానే చేయండి.

దాళ్వాచేను:
ఒక్క చేనుతో మొదలెడితే ‘ఒక్క చేనేనా?’ అంటారేమోనండి.

గీతలూచుక్కలూ:
అందుకే నారింజ చుక్క మిగతా చుక్కల మధ్యలో కనబడాలి. మొత్తం ఎన్ని నమూనాలో, ఏ నెలలో తీశారో గ్రాఫ్ మూలన రాయండి. మీ చేను మిగతావాటికి దూరంగా పడితే మాత్రం ఆ ఫొటో మార్చేయండి.