‘జీవచ్ఛవంబ’నా, ‘జీవచ్ఛవంబు’నా?

మా తాతగారు కృష్ణదేవరాయల కొడుకు తిరుమలరాయల కథ చెప్పినప్పుడల్లా చివర్లో గొంతు తగ్గించి ‘బ్రతికియున్నాఁడ జీవచ్ఛవంబు నగుచు’ అనేవారు. ఆరేళ్ల కొడుకు పోయాక కృష్ణదేవరాయలు అన్న మాటేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. పై పాదాలు గుర్తు రావడం లేదు. ఎవరికైనా వచ్చా?

– రాయలు అన్నది కాదండీ, రాయలు పోయాక పెద్దన చెప్పాడనే చాటువు. ‘ఎదురైనచోఁ దన మదకరీంద్రము నిల్పి’ సీసం కింది ఎత్తుగీతి. పై పాదంలోనే ‘కృష్ణరాయలతో దివి కేగలేక’ అని ఉంది కదా. అన్నట్టు ‘శవంబు’ కాదు, ‘శవంబ’.

– మా ఇంట్లో అందరం ‘బు’ అనే చదివాం. గణం కూడా సరిపోతుంది.

– ఛందస్సును సాక్ష్యానికి పిలవకండి మాస్టారూ. ‘వంబ’ అయినా ‘వంబు’ అయినా హగణమే (ఒక గురువు, ఒక లఘువు). ‘జీవచ్ఛవంబను + అగుచు’ అని విడదీయండి. ‘నేను బంటను’ అన్నట్టే ‘నేను శవంబను’. ‘బు’ పెడితే ఆ ‘న’ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

– ‘కూడా’ అనే అర్థంలో ‘ను’ అనుకోవచ్చుగా? బతికీ ఉన్నాను, శవాన్నీ అవుతున్నాను!

– అలా అయితే పద్దు రాసుకున్నట్టుంటుంది. ఏనుగు ఆపి చెయ్యి అందించినవాడు, పల్లకి పట్టినవాడు, గండపెండేరం స్వయంగా తొడిగినవాడు పోతే పెద్దన పద్దు రాస్తాడా?

– పెద్దన సరే, పిల్లవాణ్ణి వదిలేశారు. 1524లో పట్టం కట్టారు. అందరూ యువరాజు అంటారు గానీ, విజయనగర చరిత్ర రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ లెక్కలో రాజే. తండ్రి సింహాసనం వదిలి తనే మంత్రిగా నిలబడ్డాడట, కొడుక్కి తనే దండం పెట్టాడట. ఎనిమిది నెలల ఉత్సవాలు. ఆ సందడిలోనే జబ్బు చేసి పోయాడు. తిమ్మరుసు కొడుకు విషం పెట్టాడని రాయలు తర్వాత విన్నాడనీ, తిమ్మరుసు కళ్లు తీయించాడనీ నూనిజే రాశాడు. ముందు జబ్బు, ఆ వెంటనే విషం! నాకైతే జబ్బే నిజమనిపిస్తుంది.

– రాయల అల్లుడు అళియ రామరాయల తమ్ముడు తిరుమలరాయలు వేరు, కొత్తవాళ్లు కలిపేయకండి.

– ఇక్కడ ఎవరూ కలపలేదు. రాయలు పోయింది 1529లో. పద్యం ఆ తర్వాతది, అందులో పిల్లవాడి ఊసే లేదు. తాతగారు తండ్రి నోట పెట్టడం మాత్రం బాగుంది. ‘ఉన్నాఁడ’ అన్నా ‘ఉన్నాను’ అనేగా, ఎవరి నోట్లోనైనా ఇముడుతుంది.

– ఇముడుతుంది, ‘బ’ అంటేనే.

పద్యం దొరికింది, థాంక్సండీ. కానీ తాతగారు ‘శవంబు’ దగ్గర ఒక్క క్షణం ఆగేవారు.

– ‘న’ ఆగకముందు పలికేవారా, ఆగాకా?

అదే గుర్తు లేదు.