అప్‌డేట్: తమ్ముడి రక్షణ కోసం ప్రార్థన

ఎవరు రక్షణ (పాపం నుంచి విడుదల) పొందాలో దేవుడు ముందే నిర్ణయించి ఉంటే, తమ్ముడి కోసం నేనెందుకు ప్రార్థించాలి అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక 9, 10 అధ్యాయాలు ఒకే బిగిన చదవమన్న సలహా నన్ను కదిలించింది. దేవుని ఏర్పాటు (ఆయన ముందే ఎంచుకోవడం) గురించి అంత గట్టిగా రాసిన పౌలే, 10వ అధ్యాయం మొదటి వచనంలో ఇశ్రాయేలీయుల రక్షణ కోసం ప్రార్థిస్తున్నానంటాడు. అక్కడే చాలాసేపు ఆగిపోయాను.

ఇంకోటి. రక్షణ పొందేవాళ్లను దేవుడు ఏ షరతూ లేకుండా ముందే నిర్ణయించాడన్న బోధను కాదన్న డచ్ వేదాంతి ఆర్మీనియస్ అనుచరులు 1610లో రాసిన ఐదు అంశాల్లో కూడా, కృప లేకుండా మనిషి తనంతట తాను నమ్మలేడనే ఉంది. ఆ బోధను సమర్థించిన 1618-19 నాటి డోర్ట్ సంఘ సభ (నెదర్లాండ్స్) వాళ్లను ఖండించింది, కానీ ఈ మాట మాత్రం రెండు పక్షాలదీ. ఆ కృపను మనిషి కాదనగలడా అన్నది నేనింకా తేల్చుకోలేదు.

ప్రార్థన నోట్‌బుక్‌లో కొట్టేసిన తమ్ముడి పేరు నిన్న రాత్రి మళ్లీ రాశాను.