కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కి ప్రెషర్ చూపే గేజ్ ఉండదు కదా, ఈ మంటలార్పే సిలిండర్ నిండుగా ఉందని ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న:
పోయిన వారం మా సర్వర్ రూమ్ ఎలక్ట్రికల్ ప్యానెల్‌లో మంట లేచింది. మాతో పనిచేసే కుర్రాడు 4.5 కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తెచ్చి కొట్టాడు. ఆరింది, నిమిషం తిరక్కుండానే మళ్లీ అంటుకుంది. రెండోసారి నొక్కితే మధ్యలోనే గ్యాస్ అయిపోయింది. మెయిన్ ఆపాకే సద్దుమణిగింది. ఆ టెన్షన్‌లో అతను చివరనున్న, గ్యాస్ బయటికొచ్చే గరాటు లాంటి నల్ల హారన్‌ని చేత్తో పట్టుకున్నాడు. మూడు వేళ్లు తెల్లగా పాలిపోయి, మర్నాటికి బొబ్బలెక్కాయి. పక్క గదిలో అలాంటిదే ఇంకోటి ఉంది. అదైనా నిండుగా ఉందా అని నా భయం.

జవాబు 1:
ఆ కుర్రాడి వేళ్లు డాక్టర్‌కి చూపించారా? ముందు అది చూడండి. బొబ్బలు చిదమొద్దు, రుద్దొద్దు.

నేను ఏళ్లుగా సిబ్బందికి ఈ ట్రైనింగ్ ఇస్తున్నాను. హారన్ పట్టుకోవడం అందరూ చేసే పొరపాటే. లోపల గ్యాస్ ద్రవంగా ఉంటుంది. బయటికి రాగానే మైనస్ 78 డిగ్రీల దగ్గర తెల్లటి మంచు రేణువులవుతుంది. హారన్ క్షణాల్లో గడ్డకడుతుంది. హోస్ (గొట్టం) ఉంటే హారన్ వెనకున్న పిడి పట్టుకోవాలి. హోస్ లేని చిన్న సిలిండర్‌కైతే నొక్కకముందే హారన్‌ని మంట వైపు తిప్పుకుని, ఇక దాన్ని ముట్టుకోకూడదు.

మళ్లీ అంటుకోవడానికి కారణం కరెంటు. ఈ గ్యాస్ మంటకి గాలి అందకుండా చేస్తుందంతే, పెద్దగా చల్లార్చదు. అందుకే వీలైతే ముందు మెయిన్ ఆపాలి. తర్వాత మీటరు, రెండు మీటర్ల దూరం నుంచి మంట మొదలు మీద కొట్టాలి. సిలిండర్ అర నిమిషం కూడా రాదు, దూరం నుంచి కొడితే గ్యాసంతా గాల్లో కలిసిపోతుంది.

ఇక గేజ్ సంగతి. లోపల కొంచెం ద్రవం మిగిలున్నా ప్రెషర్ గది వేడిని బట్టే ఉంటుంది, ఎంత మిగిలిందో చెప్పదు. కాబట్టి తూకమే దారి. సిలిండర్ మీద ఖాళీ బరువు కొట్టి ఉంటుంది. అది హోస్‌తో కలిపా, లేకుండానా చూసుకుని తూచండి. గ్యాస్ 10 శాతానికి మించి తగ్గితే, అంటే మీ దాంట్లో 450 గ్రాములు దాటి తగ్గితే, రీఫిల్‌కి పంపాల్సిందే.

జవాబు 2:
పై అన్న చెప్పినవన్నీ నిజం. ఒక్కటి కలుపుతాను. కిటికీ లేని చిన్న గదిలో నేనొకసారి ఇది కొట్టి, మంట ఆరిందా లేదా అని అక్కడే నిలబడి చూశాను. కాసేపటికే తల దిమ్మెక్కి, ఎంత పీల్చినా ఊపిరి అందలేదు. వాసన ఉండదు, రంగు ఉండదు, గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, నేలబారున పరుచుకుంటుంది. తలుపు వైపు వీపు పెట్టి కొట్టండి, కొట్టగానే బయటికి రండి, గాలి ఆడాకే లోపలికి వెళ్లండి. నూనె మూకుడు మీద మాత్రం వద్దు, ఆ జోరుకి మండే నూనె చిమ్ముతుంది.

ప్రశ్న అడిగినవారు:
డాక్టర్‌కి చూపించాం, కట్టు కట్టారు. పక్క గది సిలిండర్ ఇప్పుడే తూచాను. ఖాళీ బరువు హోస్ లేకుండా 11.2 కిలోలని ఉంది, హోస్ తీసి తూస్తే 14.9 వచ్చింది. గ్యాస్ 3.7 కిలోలే! రెండూ కలిపి రీఫిల్‌కి పంపుతున్నాను, అవి వచ్చేదాకా పై అంతస్తుది కిందికి తెప్పించాను. దాన్నీ తూచే పెట్టాను.