ప్రిలిమ్స్ మళ్లీ మళ్లీ పోతుంటే, రాసిన ప్రయత్నం ఏమైనా నేర్పుతుందా?

చిక్కడపల్లి_సాయంత్రం:
యూపీఎస్సీ సివిల్స్ తొలి దశ పరీక్ష, ప్రిలిమ్స్ పోగానే చాలామంది చేసే పని ఒకటే. పాలిటీ పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు. ఏ ప్రశ్న ఎందుకు పోయిందో చూసేవాళ్లు తక్కువ. జవాబులు దిద్దే ఓఎంఆర్ షీట్ వాళ్లే ఉంచుకుంటారు గానీ ప్రశ్నపత్రం ఇంటికి తెచ్చుకోవచ్చు కదా. పెట్టిన జవాబుకు అందులోనే టిక్ కొట్టి, పక్కన ఒక గుర్తు వేయండి. ఖాయంగా తెలిస్తే 'ఖా'. రెండిట్లో ఒకటి అనిపిస్తే 2. ఒక్క ఆప్షనే తీసేయగలిగితే 3. గుడ్డిగా పెడితే సున్నా. గుర్తు హాల్లోనే పడాలి. ఇంటికొచ్చాక వేస్తే పోయినవన్నీ 'తెలిసిందే, తొందరలో తప్పు పెట్టా' ఖాతాలో చేరిపోతాయి. తర్వాత ఒక్కో గుంపులో ఎన్ని ఒప్పో లెక్కపెట్టండి. ప్రయత్నం నేర్పేదంతా అందులోనే ఉంటుంది.

ఉద్దానం_కొబ్బరి:
ఏ కీతో, అంటే ఏ సరైన జవాబుల జాబితాతో లెక్కపెట్టాలి స్వామీ? 2022 పరీక్ష తుది ఫలితాలు 2023 మే 23న వచ్చాయి. అప్పటి పద్ధతిలో అధికారిక కీ, ప్రిలిమ్స్ మార్కులు ఆ తర్వాతే వచ్చేవి. 2023 ప్రిలిమ్స్ మే 28న! అయిదు రోజుల్లో ఏం నేర్చుకుంటాడు? తర్వాతి దశ మెయిన్స్ అయితే మరీ. పేపర్‌వారీ మార్కులు తప్ప జవాబు పుస్తకం కంటికి కనపడదు. 2018లో సుప్రీంకోర్టు కూడా మార్కుల వివరాలు సమాచార హక్కు కింద ఇవ్వమని చెప్పలేమంది. తప్పు ఎక్కడుందో చూపించని పరీక్ష నుంచి నేర్చుకోమనడం వినడానికి బాగుంటుంది, అంతే.

చిక్కడపల్లి_సాయంత్రం:
మూడు కోచింగ్ కీలు తీసుకోండి. మూడిట్లో జవాబు ఒకేలా లేని ప్రశ్నలు పక్కన పెట్టేయండి. మిగిలినవి చాలు. నాకు కావాల్సింది మార్కు కాదు, గుంపుల తీరు.

గోదారి_ఇసుక:
ఇదంతా సరే, పేపర్-1లో వంద ప్రశ్నలకు మొత్తం ఎన్ని జవాబులు పెట్టాలి? మా సార్ 85 దాటొద్దంటారు.

చిక్కడపల్లి_సాయంత్రం:
ఆ ప్రశ్నే తప్పు. ఒప్పుకు 2, తప్పుకు 0.66 పోతుంది. గుడ్డిగా పెడితే సగటున లాభం సున్నా. రెండు ఆప్షన్లు సరిగ్గా తీసేస్తే ప్రశ్నకు 0.67 దాకా లాభం. అయితే 'సరిగ్గా' అన్నదే అసలు మెలిక. మీ 2 గుంపులో 30 ఉంటే, 15 ఒప్పయితే 20 మార్కులు. 10 అయితే ఆరున్నర చిల్లర. 7 అయితే నష్టమే, అంటే తీసేసిన ఆప్షన్లలోనే జవాబు ఉందన్నమాట. అలాంటివాళ్లు 85 పెట్టినా 95 పెట్టినా ఒకటే. వాళ్లు చూసుకోవాల్సింది ఎలిమినేషన్‌ను.

ఉద్దానం_కొబ్బరి:
గుడ్డిగా పెడితే సున్నా అనేది సగటు మాట. 20 గుడ్డిగా పెడితే 8 తగిలి +8 రావచ్చు, 2 తగిలి −8 రావచ్చు. కటాఫ్‌కు 7 మార్కులు తక్కువున్నవాడు ఊరుకుంటే ఎలాగూ పోతాడు, పెడితే ఒక అవకాశమైనా ఉంటుంది. కటాఫ్ దాటినవాడికి మాత్రమే ఊరుకోవడం లాభం.

చిక్కడపల్లి_సాయంత్రం:
కటాఫ్ ఎంతో హాల్లో ఎవరు చెప్పారు? జనరల్‌కు 2022లో 88.22, 2023లో 75.41, 2024లో 87.98. 2023లో 'పై వాటిలో ఎన్ని సరైనవి? ఒకటే, రెండే, మూడూ' అన్న తరహా విరివిగా వచ్చింది. ఒక్క వాక్యం తప్పని తెలిస్తే రెండు ఆప్షన్లు ఎగిరిపోయే పాత కిటుకు అక్కడ నడవదు. అదే కిటుకుతో మూడేళ్లు నెగ్గుకొచ్చినవాళ్ల 'ఖా' గుంపు ఎంత చిన్నదో ఆ ఏడాది బయటపడింది.

గోదారి_ఇసుక:
అందుకే 85 అంటున్నారు మా సార్.

మానేరు_పిల్ల:
సీశాట్, అదే ప్రిలిమ్స్ రెండో పేపర్ గురించి ఎవరూ మాట్లాడరేం అన్నా? పేపర్-1లో వందొచ్చినా అక్కడ 66 రాకపోతే సున్నాయే కదా.

ఉద్దానం_కొబ్బరి:
అదీ ప్రశ్న. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు. ప్రిలిమ్స్ పేపర్ మాత్రం హిందీ, ఇంగ్లిష్‌లోనే. 2 గంటలు, 80 ప్రశ్నలు. హిందీ మీడియం వాడు ప్యాసేజీ తన భాషలో చదువుతాడు. మనవాడు ఇంగ్లిష్‌లో రెండుసార్లు చదివి తెలుగులోకి మార్చుకుంటాడు. టైం అక్కడే పోతుంది. దీనికి మీ గుర్తుల్లో ఏ గుర్తు పెట్టాలి?

కొండవీటి_చాంతాడు:
రోణంకి గోపాలకృష్ణ గారు తెలుగు మీడియంలోనే కదా 2016లో 3వ ర్యాంకు కొట్టింది?

ఉద్దానం_కొబ్బరి:
ఆ ఒక్క పేరుతో ఇంకెన్నేళ్లు నడుపుతారండీ? 2017లో అనుదీప్ అయిదో ప్రయత్నంలో ఫస్ట్, 2022లో ఉమా హారతి అయిదో ప్రయత్నంలో థర్డ్, కాబట్టి నువ్వూ అయిదోసారి రాయి అంటారు. అయిదోసారీ పోయినవాళ్ల పేర్లు ఏ పేపర్లో వేస్తారు? 'తప్పులు చూసుకో, మళ్లీ రాయి' అని హాస్టల్ అద్దెలు కట్టించేది ఈ మాటలే. మీరూ అదే పాట.

చిక్కడపల్లి_సాయంత్రం:
మళ్లీ రాయమని నేనెక్కడన్నాను? చూపించండి. లెక్క ఉండేది ఆపడానికి కూడా. 'ఖా' గుంపు 45 ఉండి, అందులో 40 ఒప్పయి, 2 గుంపులో మునిగినవాడు బాగుచేసుకోగలడు, రాయొచ్చు. వరుసగా రెండు పేపర్లలో 'ఖా' 30 దాటనివాడు గ్రూప్-1, గ్రూప్-2 వైపు చూసుకోవాలి. జనరల్‌కు ఉన్నవి 6 ప్రయత్నాలు. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపర్‌కు కూర్చున్నా అది లెక్కలోకి వస్తుంది. 'చూద్దాం' అని కూర్చోవడానికి అవి చిల్లర కాదు.

ఉద్దానం_కొబ్బరి:
ఆపమనడానికి మీరెవరు? ఓబీసీలకు 9, ఎస్సీ ఎస్టీలకు వయసు ఉన్నన్నాళ్లూ అని నియమం ఇచ్చింది.

మానేరు_పిల్ల:
ఇందాక రాయమంటున్నాడని తిట్టారు, ఇప్పుడు ఆపమంటున్నాడని 😀

ఉద్దానం_కొబ్బరి:
నవ్వండి. రెండు మాటలూ ఒక్కడి నెత్తినే పడుతున్నాయి, నా బాధ అది. రాస్తే వాడి తప్పు, ఆపితే వాడి తప్పు. తెలుగులో పేపర్ ఇచ్చి, వారంలో కీ పెట్టి, అప్పుడు వాడి 'ఖా' 30 దాటలేదని చెప్పండి, ఒప్పుకుంటా. అప్పటిదాకా మీరు కొలిచేది వాడి చదువునో వాడి ఇంగ్లిష్‌నో మీకే తెలీదు.

చిక్కడపల్లి_సాయంత్రం:
ఆ మాట మీద గొడవ లేదు. తెలుగు పేపర్ రావాల్సిందే. కానీ వచ్చే ప్రిలిమ్స్‌కు కూర్చునేవాడికి ఏం చెబుతారు? ఆగమంటారా?

ఉద్దానం_కొబ్బరి:
చెబుతా. ప్యాసేజీలు చివరికి ఉంచుకోమంటా. ముందు లెక్కలు, రీజనింగ్. నిష్పత్తులు, శాతాలు, సంఖ్యా ధర్మాలు, క్యాలెండర్, దిక్కులు. ఒక్క తప్పూ లేకపోతే 27 ఒప్పులు చాలు, ఇక్కడ ఒప్పుకు రెండున్నర కాబట్టి 67.5 వస్తాయి. 35 పెట్టి 30 ఒప్పయితే నెగెటివ్ పోను 70 దాటుతుంది. 80 ముట్టుకోనక్కర్లేదు. ప్యాసేజీల్లో చిన్నవి, ఒక్కో ప్రశ్నే ఉన్నవి ఏరుకోవాలి. ఇంటి దగ్గర గడియారం పెట్టుకుని పాత పేపర్లు చేయాలి, 2021 నుంచి వచ్చినవి. అంతకు ముందువి తేలిక, చేసి మోసపోవద్దు.

మానేరు_పిల్ల:
35లో 30 ఒప్పు అంటే మామూలు సంగతా అన్నా?

ఉద్దానం_కొబ్బరి:
కాదు. 40 పెట్టి 30 ఒప్పయినా 66.7 వస్తుంది, అంచు మీదే. అక్కడ మాత్రం గుడ్డిగా పెట్టొద్దు.