పోలీస్ యాక్షన్ డాక్యుమెంటరీ: నల్గొండ లెక్క ఎక్కడ సరిచూడాలి?

హైదరాబాద్ సంస్థానాన్ని భారత్‌లో కలిపిన 1948 సైనిక చర్య, అంటే పోలీస్ యాక్షన్ మీద ఒక డాక్యుమెంటరీని నల్గొండలో మా ఇంటర్ పిల్లలకు చూపించాలి. అప్పటి హింసపై విచారణకు భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ చెప్పిన 27 నుంచి 40 వేల మరణాల మాట వస్తున్నప్పుడు తెర మీద నల్గొండ మ్యాప్ ఒక్కటే ఉంటుంది. నివేదిక తీసి చదివాను. ఆ అంకె హైదరాబాద్ సంస్థానం మొత్తానిది. అందులో కనీసం 18 వేలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలవే. రజాకార్ల దాడుల ఊసు మాత్రం ఒక్క వాక్యంలో ముగించారు. తీసినవాళ్లకు మెయిల్ పెడితే "అది మా కోణం" అన్నారు. కోణం సరే, మ్యాప్ సంగతేంటి? పుస్తకాల్లో వెతికితే 1946-51 తెలంగాణ సాయుధ పోరాట మృతులూ, పోలీస్ యాక్షన్ మృతులూ కలిసిపోయి ఉన్నారు. సూర్యాపేట, భువనగిరి కలిసిన అప్పటి నల్గొండ జిల్లా వరకే, 1948 సెప్టెంబర్ 13 తర్వాతి మరణాల లెక్క ఏ రికార్డులో దొరుకుతుంది?