బ్లాక్ ట్యాంకు ఖాళీ చేసినా మీటరు ముప్పావు మీదనే ఆగుతుంది, ఎందుకు?

హన్మకొండ_బండి:
మా క్యారవాన్‌ల (లోపలే ఉండి తిరిగే బండి) బ్లాక్ ట్యాంకు (టాయిలెట్‌ది) 80 లీటర్లు, గ్రే ట్యాంకు (సింకు, స్నానంది) 100. ఇంటి దగ్గర ఆపినప్పుడు పైపు సెప్టిక్ ట్యాంకు చాంబరుకు కలిపి రెండు వాల్వులూ తెరిచే ఉంచుతున్న. అయినా బ్లాక్ మీటరు దిగుతలేదు. ఎండల వాసన లోపలికొస్తుంది. ఫినాయిల్ పోస్తే తగ్గుతదా?

కాజీపేట_ప్లంబింగ్:
వాల్వు తెరిచి పెట్టుడే అసలు తప్పు తమ్మీ. నీళ్లు ఎప్పటికప్పుడు జారిపోతయ్, మలం, పేపరు అడుగున మిగిలి టాయిలెట్ కిందనే కుప్పై గట్టిపడతయ్. ట్యాంకు లోపల మట్టం చూసే మీటరు పుల్లలకు గూడ అదే అతుక్కుంటది, అందుకే తప్పు చూపిస్తది. బ్లాక్ వాల్వు మూసే ఉంచు, మూడింట రెండొంతులు నిండినంకనే ఒక్కసారి తెరువు, ఆ ఊపుకే గట్టిది కొట్టుకపోతది. ఫస్టు బ్లాక్, తర్వాత గ్రే. ఆ సబ్బు నీళ్లకు పైపు కడుక్కుపోతది. రెండూ అయినంక వాల్వులు మూసి బ్లాక్‌ల 10 లీటర్ల మంచినీళ్లు పోసి పెట్టాలె. ఇది మరువొద్దు.

ఇప్పుడున్న కుప్పకు: 40 లీటర్ల గోరువెచ్చని నీళ్లు, కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్ పోసి, రాత్రంత నానబెట్టి, పొద్దున బండిని ములుగు రోడ్డు మీద 20 కిలోమీటర్లు తిప్పి ఖాళీ చెయ్యి. ఒక్కసారికి పోదు, రెండు మూడు సార్లు పడతది. మరిగే నీళ్లు పొయ్యకు, వాల్వు రబ్బరు సీలు పాడైతది.

ఫినాయిల్, బ్లీచింగ్, యాసిడ్ ఏదీ వద్దు. సెప్టిక్ ట్యాంకుల కుళ్లగొట్టే బ్యాక్టీరియా చస్తది. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడతది, ప్రాణానికే ముప్పు.

ఎండల_ప్రయాణం:
వాసన సంగతి వేరే చూడాలె. కిటికీలు మూసి, పైకప్పుల గాలి బయటికి తోసే ఫ్యాను వేస్తే, ఫ్లష్ చేసినప్పుడు ట్యాంకు గాలి టాయిలెట్‌లకెళ్లి లోపలికి గుంజుకొస్తది. ఫ్యాను ఆపి ఫ్లష్ చెయ్యండి. మే ఎండకు నిలిపిన బండిల సింకు కింది వంపు పైపుల వాసన ఆపే నీళ్లు ఆరిపోతయ్, వారానికి ఒక గ్లాసెడు పొయ్యాలె. పైకప్పు మీది ట్యాంకు గాలిగొట్టంల కందిరీగ గూడు పెట్టిందేమో టార్చితోని చూడండి.

హన్మకొండ_బండి:
సమజైంది అన్నా. మేడారం దిక్కు పోతే ఎక్కడ ఖాళీ చెయ్యాలె?

కాజీపేట_ప్లంబింగ్:
జంపన్న వాగుల గానీ చెరువుల గానీ చుక్క పడొద్దు, ఆ నీళ్లల్ల జనం స్నానాలు చేస్తరు. గ్రే నీళ్లు గూడ అంతే, జిడ్డు, సబ్బు ఉంటది. బయలుదేరే ముందు రెండూ ఖాళీ చేసి, నిండినంక ఇంటి చాంబరుకే తే. ఇంట్ల సౌలతు లేకుంటే లైసెన్సున్న సెప్టిక్ ట్యాంకరోళ్లను పిలువు. వరంగల్‌ల ఆ మలినాన్ని శుద్ధి చేసే ప్లాంటు అమ్మవారిపేటల ఉంది, అక్కడికే తీస్కపోతరా అని అడిగినంకనే పైపు పెట్టనియ్యి.