రీ: మా ఆవిడ వాళ్ల తాతగారి ఊరు ఎలా కనుక్కోవాలి?

తమ్ముడూ, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాకి వచ్చి నెలే అయిందన్నావు, అయినా ముందు చైనా మూలాలున్న మీ ఆవిడ వాళ్ల పాత ఊరి గురించే అడిగావు చూడు, చాలా సంతోషం. మా ఆయనదీ ఇదే కథ, ఇక్కడే పుట్టాడు, వాళ్లది చైనాలో తోయ్‌సాన్ వైపు, ఇంట్లో ఆ ఊరి మాటెత్తితే అందరూ టాపిక్ మార్చేసేవాళ్లు. నువ్వు నోట్‌బుక్ పట్టుకుని మీ మామగారిని అసలు పేరేంటి, ఏ ఊరు, ఎప్పుడొచ్చారు అని అడిగానన్నావే, ఆ పని మళ్లీ చెయ్యకు ప్లీజ్.

ఆయనది మొండితనం కాదు, భయం. 1882లో అమెరికా ఒక చట్టం చేసి చైనా కూలీల్ని రానివ్వడం ఆపేసింది, 1906 భూకంపం మంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కో రికార్డులు కాలిపోయాయి, దాంతో చాలామంది మేం ఇక్కడే పుట్టాం అని చెప్పుకుని, ఇక్కడ పుడితే పౌరులే, పౌరుల పిల్లలు రావచ్చు కాబట్టి, ఊళ్లో వేరేవాళ్ల పిల్లల్ని కూడా కాగితాల మీద కొడుకులుగా చూపించి రప్పించారు. వచ్చినవాళ్లని ఆపి విచారించే ఏంజెల్ ఐలాండ్ అనే దీవిలో ఆఫీసర్లు మీ ఇల్లు వరసలో ఎన్నోది, మెట్లెన్ని, బియ్యం ఎక్కడ పెడతారు అని గుచ్చి గుచ్చి అడిగేవాళ్లు, జవాబులు కలవకపోతే వెనక్కే. 1943లో ఆ చట్టం పోయినా, 1956లో దొంగ కాగితాల మీద వచ్చినవాళ్లు నిజం ఒప్పుకోండి అని ప్రభుత్వం ఇంకో ప్రోగ్రాం పెట్టింది, ఒకళ్లు నోరు విప్పితే చుట్టాలందరి పేర్లూ బయటికొచ్చేవి. మరి నీ నోట్‌బుక్ చూసి ఆయనకి ఏం గుర్తొచ్చి ఉంటుంది చెప్పు.

ఇంకోటి, వాళ్లింట్లో ఏ భాషో ముందు తెలుసుకోండి. మా ఆయన కాలేజీలో రెండేళ్లు చైనా అధికార భాష మాండరిన్ నేర్చుకుని వెళ్తే వాళ్ల నాయనమ్మకి ముక్క అర్థం కాలేదు, ఆవిడది తోయ్‌సాన్ మాట. మీ ఆవిడని చుట్టరికపు వరసలతో మొదలుపెట్టమను, మనకి తాతలిద్దరూ తాతయ్యలే గానీ దక్షిణ చైనాలో మాట్లాడే కాంటోనీస్‌లో నాన్న వాళ్ల నాన్న యేయే, అమ్మ వాళ్ల నాన్న గోంగ్‌గోంగ్.

మాకు దారి దొరికింది మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న కోల్మా శ్మశానంలో. ఏప్రిల్ 5 అటూ ఇటూ చింగ్‌మింగ్ వస్తుంది, పెద్దల సమాధులు శుభ్రం చేసే రోజు. మా అత్తగారు పాత టవల్ తడిపి మా ఆయన తాతగారి సమాధి రాయి తుడిచి, ఉడికించిన కోడి, నారింజలు, మూడు బుల్లి కప్పుల్లో టీ పెట్టారు. రాయి మీద ఇంగ్లీషులో కాగితాల మీది పేరు లీ అని ఉంది. మేం ఏమీ అడగలేదు, ఆవిడే చైనీస్ అక్షరం మీద వేలు పెట్టి, ఇది చిన్, మన అసలు ఇంటిపేరు, ఈ పక్క వరసలో ఉన్నది ఊరు అన్నారు. ముప్ఫై నాలుగేళ్లొచ్చాక మా ఆయన తన ఇంటిపేరు మొదటిసారి విన్నాడు, అక్కడే గడ్డిలో కూర్చుండిపోయాడు.

అసలు పేరూ, కాగితాల మీది పేరూ రెండూ దొరికాక శాన్ బ్రూనోలో ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌కి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లండి, ఆ పాత విచారణ ఫైళ్లు అక్కడే ఉన్నాయి. మా ఆయన తాతగారి ఫైల్లో ఊరి మ్యాపు కూడా ఉంది.

ఈసారి చింగ్‌మింగ్‌కి మామగారితో నువ్వూ వెళ్లు, నారింజల సంచీ నువ్వే మొయ్యి. రాయి మీద అక్షరాలు మీ ఆవిడకి చదవడం రాకపోతే ఫోటో నాకు పంపు, మా అత్తగారు చదివి చెప్తారు.